క్లిష్టమైన క్రోన్స్ వ్యాధికి ఆహార, మూలికల కార్యక్రమం: ఆరు నెలలు వాడి రాస్తున్న సమీక్ష

పేగులో దీర్ఘకాలం వాపు, పుండ్లు తెచ్చే క్రోన్స్ వ్యాధి వల్ల చిన్నపేగులో ఒక ఇరుకు, గతంలో ఒక శస్త్రచికిత్స, మానినట్టే కనిపించి అప్పుడప్పుడు చెమ్మగిల్లే ఒక భగందరం (ఫిస్టులా, అంటే పేగు నుంచి మలద్వారం పక్క చర్మం దాకా తొలుచుకున్న సన్నని దారి) ఉన్న మనిషికి పథ్యమూ మూలికలూ ఎంతవరకు ఉపకరిస్తాయో తెలుసుకోవాలన్న కోరికతో, ఇంటర్నెట్ ద్వారా నడిచే ఒక ఆహార, మూలికల కార్యక్రమంలో ఆరు నెలల సభ్యత్వం తీసుకున్నాను. ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో పానీయాల డబ్బాలు, గుళికల సీసాలు, ఫోనులో ఒక యాప్, వారానికోసారి డైటీషియన్‌తో మాటామంతీ కలిపి అమ్మే సంస్థలు చాలా ఉన్నాయి కనుక, నేను చూసిన మంచిచెడ్డలు వాటిలో చాలావాటికి వర్తిస్తాయనే అనుకుంటున్నాను.

ముందుగా నా పరిస్థితి చెప్పాలి, ఎందుకంటే ఈ జబ్బులో ఒకరికి పనిచేసినది మరొకరికి పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. నాకు క్రోన్స్ అని తేలి 11 ఏళ్లయింది. నాలుగేళ్ల క్రితం చిన్నపేగు చివరి భాగంలో సుమారు 30 సెంటీమీటర్లు తీసివేశారు. ఆ తరువాత పేగును కలిపి కుట్టిన చోటే మళ్ళీ 3 సెంటీమీటర్ల మేర దారి సన్నబడిందని ఎమ్మారైలో తేలింది. వాపును అణిచే బయోలాజిక్ ఇంజెక్షను రెండు వారాలకోసారి, రోగనిరోధక వ్యవస్థ జోరును తగ్గించే అజాథయోప్రిన్ మాత్ర రోజూ వాడుతున్నాను. కార్యక్రమంలో చేరుతున్నానని నా గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకు (జీర్ణకోశ వైద్యుడికి) చెప్పినప్పుడు ఆయన కాదనలేదు గాని రెండు షరతులు పెట్టారు: మందు ఒక్క పూట కూడా ఆపకూడదు, మూడు నెలలకోసారి మలపరీక్ష, రక్తపరీక్ష తప్పకూడదు. ఈ సమీక్షలో అంకెలంటూ ఉన్నాయంటే ఆ రెండో షరతు పుణ్యమే.

చేరిన రోజున నింపమన్న ప్రశ్నావళిలో 62 ప్రశ్నలు ఉన్నాయి. నిద్ర ఎన్ని గంటలు, నాలుక మీద పూత ఏ రంగులో ఉంటుంది, కోపం ఎంత త్వరగా వస్తుంది, లేవగానే నోరు చేదుగా ఉంటుందా అని ఓపికగా అడిగారు గాని, పేగులో ఇరుకు ఉందా అని గాని, పేగులో కొంత భాగం తీసివేశారా అని గాని, పొగతాగే అలవాటు ఉందా అని గాని ఎక్కడా అడగలేదు. క్రోన్స్ రోగిని అడగవలసిన మొదటి మూడు ప్రశ్నలు అవే. 1932లో బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గార్డన్ ఒపెన్‌హైమర్ అనే ముగ్గురు న్యూయార్క్ వైద్యులు ఈ జబ్బును వర్ణించినప్పుడే, పుండు పడిన పేగు గోడ మందమై లోపలి దారి ఇరుకవుతుందని, ఫిస్టులాలు ఏర్పడతాయని రాశారు. 2005 నాటి మాంట్రియల్ వర్గీకరణ ప్రకారం వైద్యులు రోగులను వాపు మాత్రమే ఉన్నవారు, ఇరుకు ఏర్పడినవారు, పేగు గోడను తొలుచుకుని ఫిస్టులా లేదా చీముగడ్డ ఏర్పడినవారు అని మూడుగా విడదీసి, మలద్వారం చుట్టూ జబ్బు ఉంటే దానిని వేరే గుర్తుతో చేర్చుతారు. మొదటి రకం వారికి తయారుచేసిన పథ్యాన్ని రెండో రకం వారి కంచంలో వడ్డిస్తే ఏమవుతుందో నాకు పద్నాలుగో వారంలో తెలిసింది. పొగ సంగతికి వస్తే, పొగతాగేవారికి ఈ జబ్బు తిరగబెట్టడం, శస్త్రచికిత్స దాకా పోవడం ఎక్కువని చాలాకాలంగా తెలిసినదే; పొగ మానడం ఏ సీసా కొననక్కరలేని చికిత్స.

ఇక ఆహారం. కార్యక్రమంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది మొదటి ఆరు వారాలు. ఆ దశలో రోజుకు కావలసిన కేలరీలలో సగం పౌష్టిక పానీయం నుంచి, మిగతా సగం పరిమితమైన కొన్ని పదార్థాల నుంచి రావాలి. తరువాతి ఆరు వారాలలో పానీయం పావు వంతుకు తగ్గుతుంది. ఇది సంస్థ వారి సొంత ఆవిష్కరణ అన్నట్టు యాప్‌లో రాసుకున్నారు గాని, ఇజ్రాయెల్‌కు చెందిన ఆరీ లెవిన్ బృందం రూపొందించిన క్రోన్స్ వర్జన ఆహారానికి ఇది అచ్చుగుద్దిన నకలు. 2019లో వెలువడిన ఆ బృందం పరిశోధనలో, స్వల్ప లేదా మధ్యస్థాయి జబ్బు ఉన్న పిల్లలలో కొందరికి ఈ సగం సగం పద్ధతి, మిగతావారికి ఆరు వారాలు పూర్తిగా పానీయమే ఇచ్చి చూశారు. ఆరో వారానికి స్టీరాయిడ్ అవసరం లేకుండా జబ్బు అణగినవారు మొదటి గుంపులో 75 శాతం, రెండో గుంపులో 59 శాతం. అసలు తేడా తరువాత కనిపించింది, పన్నెండో వారానికి ఆ నిష్పత్తులు 75.6, 45.1గా తేలాయి. పూర్తి పానీయాహారం పిల్లలలో స్టీరాయిడ్లకు దీటుగా పనిచేస్తుందని అంతకుముందే స్థిరపడింది గనుక, ఈ పద్ధతికి గట్టి పునాదే ఉంది. అయితే ఆ పిల్లలు వేరు, పేగు కోయించుకుని మళ్ళీ ఇరుకు తెచ్చుకున్న నాబోటివారు వేరు, ఆ సంగతి యాప్‌లో ఎక్కడా లేదు.

పానీయం రుచి గురించి ఎవరూ నిజం చెప్పరు కాబట్టి నేను చెబుతాను. గది ఉష్ణోగ్రతలో తాగితే తడిసిన అట్టపెట్టెను నమిలినట్టుంటుంది. నాలుక వెనక ఒక లోహపు వాసన గంటసేపు నిలుస్తుంది. బాగా చల్లబరిచి, మూతపెట్టిన గ్లాసులో గొట్టంతో, ఒక్కసారిగా గటగటా కాకుండా ముప్పావు గంట పాటు కొద్దికొద్దిగా తాగితే వాసన ముక్కుకు తగలదు, కడుపు ఉబ్బరమూ ఉండదు. ఈ చిట్కా కరపత్రంలో లేదు, డైటీషియన్ చెప్పారు. పదో రోజుకు భోజనం తరువాత వచ్చే మెలికనొప్పి సగానికి సగం తగ్గింది; నెల తిరిగేసరికి బరువు రెండు కిలోలు పెరిగాను. ఇరుకు ఉన్నవారికి పానీయం మేలుచేయడానికి ఒక సాదాసీదా కారణం కూడా ఉంది: ద్రవం సన్నని సందులోంచి కూడా జారిపోతుంది, ముద్ద జారదు. అందుచేత నొప్పి తగ్గింది గనుక ఇరుకు విచ్చుకుందని అనుకోవడానికి వీల్లేదు. నొప్పి ఒక లెక్క, వాపు మరొక లెక్క, మచ్చకట్టి బిగుసుకుపోయిన పేగు మూడో లెక్క. యాప్ మాత్రం ఈ మూడింటినీ కలిపి 'పేగు ఆరోగ్య సూచిక' అనే ఒకే అంకెగా చూపి, అది పెరిగినప్పుడల్లా చప్పట్ల బొమ్మ పంపేది.

ఆ డైటీషియన్ గురించి నాలుగు మాటలు రాయకపోతే అన్యాయం అవుతుంది. రెండో వారంలో నా ఎమ్మారై రిపోర్టు పంపమని ఆమె స్వయంగా అడిగారు. అది చదివిన తరువాత యాప్ ఇచ్చిన పదార్థాల పట్టికను పక్కన పెట్టి, ఏది తినాలి అన్నదానికన్నా ఎలా వండి తినాలి అన్నదాని మీదే ఎక్కువ సమయం వెచ్చించారు. ఆపిల్ మానక్కరలేదు, తొక్క తీసి మెత్తగా ఉడికించి జల్లెడలో వేసి గరిటె వెనక భాగంతో నొక్కితే కిందికి దిగేది నాది, పైన మిగిలిన పీచు చెత్తబుట్టది అని ఆమె చెప్పిన పద్ధతిని ఇప్పటికీ పాటిస్తున్నాను. టమాటా గింజలు, మొక్కజొన్న, పుట్టగొడుగులు, పచ్చి క్యాబేజీ, నారింజ తొనల మీది తెల్లని పొర, పప్పు గింజల తొక్కలు ఇరుకు దగ్గర చిక్కుకునే సరుకు అని ఒక్కొక్కటీ చెప్పి, గుమ్మడి, క్యారెట్, బంగాళాదుంప, పండిన అరటి, గుడ్డు, మెత్తగా ఉడికిన కోడిమాంసం వంటివి వేళ్ల మధ్య నలిపితే నలిగేంత మెత్తగా ఉండాలని కొలత పెట్టారు. నిజానికి ఇరుకు ఉన్నవారికి తెలియవలసిన ఆహారశాస్త్రంలో ముప్పాతిక భాగం ఈ నలిపి చూసే పరీక్షలోనే ఉంది. ఇరుకు లేనివారు పీచు పదార్థాన్ని ఇలా భయపడి మానవలసిన పని లేదని కూడా ఆమే చెప్పారు.

ఆమె నా ఫైలులో 'ఇరుకు ఉంది, పీచు వద్దు' అని రాసిన మాట సరుకు పంపే విభాగానికి చేరలేదు. పన్నెండు వారాలు ముగియగానే యాప్ తనంతట తానే నన్ను 'పేగు పునర్నిర్మాణ దశ'లోకి మార్చి, ఇసబ్‌గోల్ పొట్టు, అవిసె గింజల పొడి కలిసిన ఒక డబ్బా పంపింది. రాత్రి పడుకునే ముందు రెండు చెంచాలు నీళ్లలో కలిపి తాగాలి. గ్లాసులో వేసి పక్కన పెట్టి, ఫోను మాట్లాడి వచ్చేసరికి, పొడి నీటినంతా పీల్చుకుని చెంచా నిలబడేంత గట్టిగా అయింది. ఇసబ్‌గోల్ గుణమే అది. మలబద్ధకం ఉన్నవారికి మేలు చేసేదీ, ఇరుకు ఉన్నవారికి కీడు చేసేదీ అదే గుణం. అది కళ్లారా చూసి కూడా మరికొన్ని నీళ్లు పోసి తాగిన తప్పు నాదే, సంస్థది కాదు. మూడో రాత్రి రెండు గంటలకు బొడ్డు చుట్టూ అలలు అలలుగా నొప్పి మొదలైంది. పొట్ట తబలాలాగా బిగుసుకుంది. తెల్లవారేసరికి ఆకుపచ్చని వాంతి. గాలి కూడా పోవడం ఆగిపోయిందని గ్రహించాక ఇంట్లో కూర్చోవడంలో అర్థం లేదని ఆసుపత్రికి వెళ్లాను. ముక్కులోంచి కడుపులోకి గొట్టం, చేతికి సెలైను, నోటికి ఏమీ లేకుండా రెండు రోజులు గడిచాక పేగు తనంతట తానే తెరుచుకుంది. ఎక్కడ ఆగిందో ఎక్స్‌రేలో చూపించి, కత్తి దాకా పోకుండా బయటపడ్డావని డాక్టరుగారు అన్నారు.

సంస్థకు రాస్తే వచ్చిన జవాబు ఏమిటంటే, 'పేగు శుద్ధి జరిగేటప్పుడు ఇటువంటి లక్షణాలు సహజం, మోతాదు సగానికి తగ్గించి కొనసాగించండి' అని. పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి పోకుండా ఉన్న మనిషికి ఇంకా తాగమని చెప్పే సలహా ప్రాణాంతకం. కార్యక్రమం మొత్తం మీద నాకు క్షమించరానిదిగా తోచినది ఈ ఒక్క వాక్యమే. మరుసటి రోజు డైటీషియన్ ఫోను చేసి, ఆ జవాబు ఎవరు రాశారో తనకు తెలియదని, డబ్బా పారవేయమని, క్షమించమని చెప్పారు.

ఇప్పుడు మూలికల సంగతి. మొదటి వారం నుంచీ నాలుగు సీసాలు ఇచ్చారు: మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ గుళికలు, శల్లకీ అని మనకు తెలిసిన బాస్వెల్లియా జిగురు గుళికలు, మాచిపత్రికి దగ్గరి చుట్టమైన వార్మ్‌వుడ్ అనే చేదు మొక్క పొడి, కలబంద రసం. ప్రతి సీసా మీదా 'పరిశోధనలో రుజువైనది' అన్న ముద్ర ఉంది. ఆ ముద్ర పూర్తిగా అబద్ధం కాదు గనుకే దాని గురించి వివరంగా రాయవలసి వస్తోంది.

పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్‌కు మంచి పేరు వచ్చింది ప్రధానంగా అల్సరేటివ్ కొలైటిస్ మీద జరిగిన పరిశోధనల వల్ల. అది పెద్దపేగు లోపలి పొరకు పరిమితమైన జబ్బు. క్రోన్స్ పేగు గోడ మందమంతా వ్యాపించే జబ్బు. నావలె శస్త్రచికిత్స అయిన క్రోన్స్ రోగుల మీద ఫ్రాన్స్‌లో జరిగి 2020లో వెలువడిన పరిశోధన ఒకటుంది. అందులో 62 మందికి ఆరు నెలలపాటు అజాథయోప్రిన్‌తో పాటు కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, కొందరికి ఉత్తుత్తి గుళిక ఇచ్చారు. ఎండోస్కోపీలో జబ్బు తిరగబెట్టినవారు కర్క్యుమిన్ గుంపులో 58 శాతం, రెండో గుంపులో 68 శాతం. ఈ తేడా లెక్కకు నిలిచేది కాదు. తీవ్రంగా తిరగబెట్టినవారు మాత్రం కర్క్యుమిన్ గుంపులో 55 శాతం, ఉత్తుత్తి గుళిక గుంపులో 26 శాతం. చిన్న పరిశోధనే కావచ్చు, కానీ అచ్చం నాలాంటివారి మీద జరిగినది ఇదే, సీసా వెంట వచ్చిన కరపత్రంలో లేనిదీ ఇదే. చిన్న సంఖ్యలో రోగుల మీద, మరోరకంగా తయారుచేసిన కర్క్యుమిన్‌తో జపాన్‌లో ఆశాజనకమైన ఫలితం వచ్చిన మాట కూడా నిజం. అది మాత్రం కరపత్రంలో పెద్ద అక్షరాలతో ఉంది.

మిరియాల సారం కలపడానికి కారణం పేగు కర్క్యుమిన్‌ను సరిగా పీల్చుకోకపోవడం. మిరియాల సారంలోని పైపెరిన్ కలిపితే రక్తంలోకి చేరే మొత్తం అనేక రెట్లు పెరుగుతుంది. వంటలో చిటికెడు పసుపుకు, ఈ గుళికకు పోలిక లేదు. ఇలా బాగా పీల్చుకునేలా చేసిన పసుపు గుళికల వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న సంఘటనలు ఇటలీలోనూ, అమెరికాలోనూ నమోదయ్యాయి. ఒక ప్రత్యేకమైన జన్యులక్షణం ఉన్నవారికి ఆ ముప్పు ఎక్కువని కూడా తేలింది. పేగు మూసుకుపోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే నా ఎస్‌జీపీటీ 126 అని వచ్చింది. కార్యక్రమంలో చేరకముందు అది 31. అజాథయోప్రిన్ కూడా కాలేయాన్ని ఇబ్బంది పెట్టగలదు గనుక నిజమైన చిక్కు వచ్చి పడింది: తప్పు ఏళ్ల తరబడి పడుతున్న మందుదా, పద్నాలుగు వారాల సీసాలదా? కలబంద నేను మొదట్లోనే మానేశాను, మిగిలిన మూడు సీసాలనూ డాక్టరుగారు ముందు ఆపించారు. ఐదు వారాలకు అంకె 43కు దిగింది. మూడింటిలో ఏది కారణమో చెప్పలేను, మూడూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపాను కనుక. ఎవరైనా ఏదైనా మూలిక వాడదలిస్తే ఒక్కొక్కటిగా మొదలుపెట్టి, నెలకు కాలేయ పరీక్ష చేయించుకోవడం కనీస జాగ్రత్త. నేను ఆ జాగ్రత్త పడలేదు. ఇంకొక సంగతి: పసుపు గుళికలలో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. చిన్నపేగు చివర తీసివేసి పెద్దపేగు మిగిలి ఉన్నవారిలో, జీర్ణంకాని కొవ్వు కాల్షియాన్ని పట్టుకుపోవడం వల్ల ఆక్సలేట్ విడిగా రక్తంలోకి చేరి మూత్రపిండాలలో రాళ్లు కట్టే ప్రమాదం మామూలుగానే ఉంటుంది. దానికి తోడు యాప్ ఉదయంపూట పచ్చి పాలకూర, బాదం కలిపిన రసం తాగమనేది. గోరుచుట్టు మీద రోకటిపోటు సామెత దీనికి సరిపోతుంది; అదృష్టవశాత్తు పాలకూర పీచు భయంతో ఆ రసం నేను ముట్టలేదు.

బాస్వెల్లియా కథ కొంత నిదానమైనది. 2001లో జర్మనీలో 102 మంది మీద దానిని మెసలజిన్ అనే పేగు వాపు మందుతో పోల్చినప్పుడు జబ్బు తీవ్రతా సూచిక బాస్వెల్లియా గుంపులో 90, మెసలజిన్ గుంపులో 53 పాయింట్లు తగ్గింది. వినడానికి గొప్పగా ఉంటుంది. కాని ఈ రెంటి మధ్య తేడా గణాంకాలకు నిలవలేదు, పైగా క్రోన్స్‌లో మెసలజిన్ ప్రభావమే అంతంతమాత్రమని తరువాత తేలింది. బలహీనుడితో కుస్తీ పట్టి సమానంగా నిలిచినవాడిని మల్లుడని పిలవలేము. అణగిన జబ్బు మళ్ళీ తలెత్తకుండా ఆపుతుందా అని ఏడాదిపాటు పరీక్షించిన మరో పరిశోధన 2011లో వెలువడింది. మందు వాడినవారిలో 59.9 శాతం, ఉత్తుత్తి గుళిక వాడినవారిలో 55.3 శాతం ఉపశమనంలో నిలిచారు, కాబట్టి ప్రయోజనం లేదన్నట్టే. హాని కూడా కనిపించలేదు గనుక నాలుగు సీసాలలో నేను కాస్త మెత్తగా తీర్పు చెప్పేది దీని మీదే.

వార్మ్‌వుడ్ మీద 2007లో వెలువడిన జర్మన్ పరిశోధన చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. స్టీరాయిడ్ తగ్గిస్తూ ఉన్న 40 మందిలో సగం మందికి ఈ మూలిక ఇస్తే, ఎనిమిదో వారానికి వారిలో 65 శాతం మందికి లక్షణాలు దాదాపు పోయాయి. ఉత్తుత్తి గుళిక వాడినవారిలో ఒక్కరికీ అలా జరగలేదు. ఇంత పెద్ద తేడాను స్థిరపరచేంత పెద్ద పరిశోధన ఆ తరువాత రాలేదు. పైగా ఈ మొక్కలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది, మోతాదు మించితే మూర్ఛలు తెప్పించగలదు. థుజోన్ ఎంత ఉందో, తీసివేశారో లేదో నా సీసా మీద రాయలేదు. ఇక కలబంద గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆకు లోపలి గుజ్జు వేరు, తొక్క కింద కారే పసుపుపచ్చని పాలు వేరు. ఆ పాలలోని ఆంత్రాక్వినోన్లు విరేచనకారులు, నీళ్ల విరేచనాలతో పొటాషియం పోగొడతాయి. 'మొత్తం ఆకు రసం' అని రాసి ఉన్న సీసాను అసలే నీళ్ల విరేచనాలతో బాధపడేవారికి ఇవ్వడం నాకు అంతుపట్టలేదు. రెండు రోజులు తాగి నేనే మానేశాను.

మందుల మధ్య కలహం గురించి కూడా సంస్థ ఏమీ అడగలేదు. నేను వాడేది ఇంజెక్షను గనుక కొంత నయం. ఈ జబ్బుకు ఉపాడాసిటినిబ్ వంటి మాత్రలు వాడేవారు మనశ్శాంతికని అమ్మే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక తీసుకుంటే, కాలేయం ఆ మాత్రను వేగంగా కరిగించి బయటికి పంపేస్తుంది, జబ్బు మీద పట్టు సడలుతుంది. స్టీరాయిడ్ వాడేవారు అతిమధురం గుళికలు వేసుకుంటే పొటాషియం మరింత పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. ఈ రెండూ ఆ సంస్థ అదనపు సరుకుల జాబితాలో ఉన్నాయి, ఏ హెచ్చరికా లేకుండా.

ఆహారం గురించి యాప్ చేసే మరో వాదన, తమ పద్ధతి తక్కిన పథ్యాలన్నిటికన్నా మిన్న అని. పథ్యాల మధ్య పోటీ పెట్టి చూసిన పరిశోధనలు తక్కువ. 2021లో వెలువడిన అమెరికా పరిశోధనలో 194 మంది పెద్దవారిని రెండుగా విడదీసి, కొందరికి ధాన్యాలు, చక్కెర నిషేధించే కఠినమైన నిర్దిష్ట పిండిపదార్థ పథ్యం, కొందరికి మధ్యధరా తరహా ఆహారం ఇచ్చారు. ఆరు వారాలకు లక్షణాలు అణగినవారు 46.5, 43.5 శాతం. అంత కష్టపడి కట్టుబడిన పథ్యమూ, తేలికగా పాటించగల ఆహారమూ దాదాపు ఒకే చోట నిలిచాయి. రక్తంలో వాపును సూచించే సీఆర్పీ మామూలు స్థితికి వచ్చినవారు రెండు వైపులా అతి తక్కువ. స్వల్ప, మధ్యస్థాయి లక్షణాలు ఉన్నవారిలోనే ఇలా ఉంటే, ఇరుకూ ఫిస్టులా ఉన్నవారికి ఏ పథ్యమైనా మందుకు తోడు మాత్రమే కాగలదు. ఫిస్టులా విషయంలో మరీ స్పష్టంగా చెప్పాలి: నా భగందరం చెమ్మ ఈ ఆరు నెలలలో పథ్యం వల్ల పెరగనూ లేదు, తగ్గనూ లేదు.

పోషక లోపాల విషయంలో యాప్ పనితనం నాసిగా ఉంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే నా ఫెర్రిటిన్ 64 అని నమోదు చేయగానే ఆకుపచ్చ గుర్తు వెలిగింది. వాపు చురుకుగా ఉన్నప్పుడు ఫెర్రిటిన్ కృత్రిమంగా పెరుగుతుంది గనుక అలాంటివారిలో 100 లోపు ఉన్నా ఇనుము లోపం ఉండవచ్చునని ప్రతి గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకూ తెలుసు. నాకు చివరికి రక్తనాళం ద్వారా ఇనుము ఎక్కించవలసి వచ్చింది. బీ12 తక్కువగా ఉందని చూపిస్తే, బీ12 ఎక్కువగా ఉండే ఆహారం తినమంది. బీ12ను పీల్చుకునే చోటు సరిగ్గా నాకు కోసివేసిన ఆ 30 సెంటీమీటర్లలోనే ఉండేది. నేను పళ్లెం నిండా తిన్నా ఫలితం ఉండదు, ఇంజెక్షనే శరణ్యం.

ఇక ఫలితాల లెక్క. పేగు వాపును సూచించే కాల్‌ప్రొటెక్టిన్ చేరేముందు మలంలో గ్రాముకు 540 మైక్రోగ్రాములు; పన్నెండో వారానికి 310; ఆరో నెల చివర 290. ఇది 50 లోపు ఉంటే పేగు ప్రశాంతంగా ఉన్నట్టు, 250 దాటితే వాపు చురుకుగా ఉన్నట్టు సాధారణంగా పరిగణిస్తారు గనుక, తగ్గిన మాట నిజమే గాని ఇంకా గీత దాటే ఉన్నాను. బరువు మొత్తం మీద మూడున్నర కిలోలు పెరిగింది. ఈ లాభం సీసాలది కాదని నేను అనుకోవడానికి కారణం, పద్నాలుగో వారంలో అవి ఆపేసిన తరువాత అంకె పెరగకపోవడం. ఇరుకు మాత్రం ఎమ్మారైలో ఉన్నచోటనే ఉంది. మచ్చకట్టిన కండరాన్ని ఏ ఆకూ ఏ పానీయమూ కరిగించలేవు. నాలుగో నెలలో ఎండోస్కోపీ ద్వారా బెలూన్‌తో దానిని సాగదీశారు. ఇరుకు పొట్టిగా, కుట్టిన చోట ఉండడం వల్ల అది సాధ్యమైందట. ఆ ముందు రెండు వారాలు, తరువాత వారం రోజులు పానీయం మీదే ఉండమని డాక్టరుగారు, డైటీషియన్ ఒకే మాటగా చెప్పారు, ఆ మూడు వారాలే నాకు అన్నిటికన్నా సుఖంగా గడిచాయి.

వాపు మాత్రమే ఉండి, ఇరుకు, ఫిస్టులా లేనివారికి ఈ కార్యక్రమంలోని మొదటి పన్నెండు వారాల ఆహారాన్ని, తమ వైద్యుడి ఎరుకలో, ప్రయత్నించి చూడమనే చెబుతాను. నావంటివారైతే రిపోర్టు చదవని యాప్‌ను నమ్మకుండా, రిపోర్టు చదివే డైటీషియన్‌ను వెతుక్కోవాలి. అటువంటి మనిషి దొరికితే యాప్ అవసరమే ఉండదు. మూలికల భాగానికి ఐదింటికి ఒక మార్కు, పీచుపొడి డబ్బాకు సున్నా, పానీయానికి మూడున్నర, డైటీషియన్‌కు ఐదుకు ఐదు. సభ్యత్వం ముగిశాక ఆమెతో వారానికోసారి జరిగే సంభాషణలు మాత్రమే కొనసాగించడానికి వీలుందా అని అడిగితే, సీసాలు కలపకుండా ఆ సేవ విడిగా అమ్మబోమని జవాబు వచ్చింది, కనుక కొనసాగించలేదు.

నా ఫిర్యాదు తరువాత ఏమైనా మారిందా అని గత వారం కొత్త సభ్యుడిలా ప్రశ్నావళిని మళ్ళీ తెరిచి చూశాను. ఇప్పుడు 63 ప్రశ్నలు ఉన్నాయి. చివరిది పేగులో ఇరుకు గురించి. ఉందని నొక్కితే పీచుపొడి జాబితాలోంచి మాయమవుతోంది. పొగ గురించి మాత్రం ఇంకా అడగడం లేదు.